పులివెందుల బల్ల మీద రెండు మెడలు

మా ఊళ్ళో ఉప్పు పండుతుంది. చినగంజాం పక్కన సముద్రపు నీటిని మడులకు పట్టి ఎండబెడితే, వేసవి నడిమికి తెల్లని గుట్టలు లేస్తాయి. ఆ ఉప్పు నిలవచేసే కొఠారులో కాటా దగ్గర కూర్చునే నేను, బజార్లో డబ్బిచ్చి ఉప్పు ప్యాకెట్లు కొని, గుడ్డ సంచిలో వేసుకుని కడప జిల్లాకు రైలెక్కాను. స్టేషన్లో ఎదురుపడిన మా మేస్త్రి సంచిలోకి తొంగి చూశాడు. నాకు ఎండదెబ్బ తగిలిందేమోనని నుదురు కూడా తాకి చూశాడు.

ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను. సముద్రంలో అయోడిన్ ఉంది, చేపలో ఉంది, నాచులో ఉంది. కానీ నీరు ఎండి ఉప్పు గడ్డ కట్టేసరికి అందులో మిగిలేది దాదాపు శూన్యం. మేం ఇంత కష్టపడి పండించే ఉప్పుకు రంగుంది, రుచుంది, అయోడిన్ మాత్రం లేదు. దాన్ని ప్యాకెట్ ఉప్పులో విడిగా కలుపుతారు. మన గొంతు ముందు భాగంలో థైరాయిడ్ అనే గ్రంథి ఒకటి ఉంటుంది. ఒంటి వేడి, ఒంటి చురుకు, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల అన్నీ అది తయారుచేసే రసం మీద ఆధారపడ్డాయి. ఆ రసానికి ముడిసరుకు అయోడిన్. మనిషికి జన్మ మొత్తానికి కావలసింది చిన్న చెంచాడు. ఆ చెంచాడు కూడా అందకపోతే గ్రంథి పనికి సరుకు చాలక, తానే ఉబ్బి గడ్డవుతుంది.

ఇవన్నీ మా శాఖా గ్రంథాలయంలో చదివాను. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. అలమారాల చదువు ఇంకా సాగుతూనే ఉంది. పొద్దుపోయాక గ్రంథాలయాధికారి తాళాలు గలగలలాడించినా సరే, పేజీ అయ్యేదాకా లేవను. ఆ చదువే నన్ను ఈ ప్రయాణానికి పంపింది. కడప జిల్లా అనగానే మా వైపు వాళ్ళకు పేపర్లో వచ్చే బాంబులు గుర్తొస్తాయి. నాకు ఇప్పుడు ఒక బల్ల గుర్తొస్తుంది. ఆ బల్ల దగ్గరకు తీసుకెళ్ళడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎర్రగుంట్ల: బూడిద రంగు ఊరు

ఎర్రగుంట్లలో దిగగానే ముక్కుకు తగిలేది సిమెంటు. వేప చెట్లు బూడిద రంగు, మేకలు బూడిద రంగు, లారీల కింద నిద్రపోయే కుక్కలు కూడా అదే రంగు. మా పిన్ని ఇక్కడే ఉంటుంది. బాబాయికి సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికి కాపురం మార్చినప్పుడు ఆవిడ మాట మా మాటే. ఇప్పుడు నేను “బాగున్నారా అండీ” అంటే నవ్వుతోంది. “అండీ గిండీ యాల రా, బాగుండాను” అంది.

నన్ను పిలిపించింది ఆవిడే. వాళ్ళ కూతురు సుబ్బరత్న నాకు చెల్లెలి వరస. జమ్మలమడుగు అవతల, పెద్దముడియం దాటాక ఒక పల్లెలో ఇచ్చారు. రెండుసార్లు కడుపు వచ్చి నిలవలేదు. ఇప్పుడు మూడోసారి. దానికి తోడు గొంతు ముందు నిమ్మకాయంత గడ్డ లేచింది. ఎప్పుడూ నిద్ర, ఎండాకాలంలో కూడా చలి, దువ్వెన పెడితే చాలు, జుట్టు ఊడి చేతికి వస్తోంది. పిన్ని ఈ సంగతులు కబురు చేయగానే నేను అలమారా దగ్గరకు పరిగెత్తాను. ప్రతి లక్షణం పుస్తకంలో వరసగా కనిపించింది. థైరాయిడ్ మందగించిన తల్లికి గర్భం నిలవడం కష్టమనీ, నిలిచినా బిడ్డ బుద్ధి మందగించే ప్రమాదం ఉందనీ అందులోనే ఉంది. ఆ వాక్యం చదివాక ఆ రాత్రి నేను సరిగ్గా నిద్రపోలేదు.

మీరు వెళ్ళి డాక్టరుకు చూపించకూడదా అని అడిగాను. పిన్నికి మోకాళ్ళు, బాబాయికి షిఫ్టు, అల్లుడికి పార్టీ. మూడోది రోగం కాదు కదా అన్నాను. అన్నిటికంటే పెద్ద రోగం అదేనంది పిన్ని. ఆ పల్లెలో పైవీధి, కిందివీధి అని రెండున్నాయి. ఒక్కో వీధికి ఒక పెద్దాయన. పైవీధి పెద్దాయన ఎన్నికల ముందు పార్టీ మారితే, కిందివీధి పెద్దాయన ఆ సాయంత్రమే ఆయన వదిలేసిన పార్టీలో చేరాడట. జెండాలు మారాయి, మనుషులు మారలేదు, పగ అసలే మారలేదు. మా సుబ్బరత్న మొగుడు ఓబులేసు కిందివీధి పెద్దాయన జీపు నడుపుతాడు. ఆయన ఒప్పుకోనిదే ఊరి పొలిమేర దాటడు.

“నువ్వు బయటినుంచి వచ్చినోడివి, నీకు పార్టీ ల్యాదు. నువ్వయితే బిడ్డను యాడికైనా తీస్కపోవచ్చు” అంది పిన్ని. నాకు చదువుంది గనక పిలిచిందనుకున్నాను. పిలిచింది నాకు వీధి లేదని.

ప్రొద్దుటూరు: గొంతు డాక్టరు ఏ పార్టీ?

పెన్న దాటితే ప్రొద్దుటూరు. నదిలో నీళ్ళు తక్కువ, ఊళ్ళో బంగారం ఎక్కువ. మా చీరాలలో బట్టల కొట్లు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయో ఇక్కడ బంగారం అంగళ్ళు అంత దగ్గరగా ఉన్నాయి. కొనేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది మెడకు గొలుసు పెట్టి అద్దంలో చూసుకుంటున్నారు. నాకు మాత్రం గొలుసుల కంటే మెడల మీదే ధ్యాస. రెండు గంటల్లో మూడు గడ్డలు చూశాను. ఒకావిడ కాసులపేరును గడ్డ కనపడకుండా పైకి సర్దుకుంటోంది. నేనటు చూస్తున్నానని కొట్టు యజమాని నన్ను అనుమానంగా చూశాడు. బయటపడ్డాను.

పొద్దున ఉగ్గాని బజ్జీ తిన్నాను. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయలు పచ్చిమిరపకాయలు వేసి తాలింపు పెడతారు. పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీ. ప్లేటు ఐదు రూపాయలు. మా వైపు ఉప్మాకు ఇచ్చే మర్యాద దీనికి ఇక్కడ ఉంది, దాని కంటే రుచి కూడా ఉందని ఒప్పుకుంటున్నాను. మిరపకాయ కొరికి కళ్ళు తుడుచుకుంటూ, ఈ ఊళ్ళో గొంతు గడ్డలకు మంచి డాక్టరు ఎవరని హోటలాయన్ని అడిగాను.

ఆయన గరిటె ఆపాడు. “గొంతు డాక్టరా? యా పార్టీకప్పా?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. రోగిది ఏ పల్లో అడిగి తెలుసుకుని, నాకు విడమరిచి చెప్పాడు. గొంతు గడ్డలు చూసే డాక్టరు ఒకాయన ఉన్నాడు గానీ, పైవీధి పెద్దాయనకు వియ్యంకుడి వరస. కిందివీధి వాళ్ళు ఆయన ఆస్పత్రి గడప తొక్కరు, సూది వేస్తాడని కాదు, సూదిలో ఏం వేస్తాడోనని. కిందివీధికి అనుకూలమైన డాక్టరు కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాడు. కాకపోతే ఆయన పళ్ళ డాక్టరు. అయినా కిందివీధి వాళ్ళు కడుపునొప్పికి, కాలు విరిగినదానికి కూడా ఆయన దగ్గరికే వెళ్తారట. ఆయనా కాదనకుండా ముందు నోరు తెరవమంటాడట.

మరి ఏ పార్టీ లేని డాక్టరు లేడా అని అడిగాను. హోటలాయన ఆలోచించి, పులివెందులలో ఒక ముసలాయన ఉన్నాడనీ, మెడలు బాగా చూస్తాడనీ చెప్పాడు. “ఆయప్పకు పార్టీ ఎందుకు ల్యాదంటావా? ఎవురి తిట్టయినా సమానంగానే తింటాడు” అన్నాడు.

జమ్మలమడుగు దారి: ఉప్పు రుచి చూసిన పోలీసులు

జమ్మలమడుగు బస్సులో నా పక్కన ఖాదర్ బాషా అనే ఉప్పు వ్యాపారి కూర్చున్నాడు. వాళ్ళన్న కువైట్‌లో ఉన్నాడు, ఈయన బండి కట్టుకుని పల్లెల్లో గళ్ళుప్పు అమ్ముతాడు. నేను ఉప్పు ఊరి వాణ్ణని తెలియగానే దూరపు బంధువును చూసినట్టు చూశాడు. నేను వెళ్ళే పల్లెలో పైవీధికీ కిందివీధికీ రెండింటికీ వెళ్ళే మనిషి తానొక్కడేనని చెప్పుకున్నాడు. మా వైపు కొత్త మనిషి కనిపిస్తే ముందు ఊరు అడుగుతాం, తర్వాత ఇంటిపేరు, తర్వాత నెమ్మదిగా మిగతావి. ఇక్కడ మొదటి ప్రశ్న “మీ మనిసి ఎవురు?” మా మనిషి ఎవరూ లేరంటే నమ్మరు. మనిషి లేని మనిషి ఉండడం వాళ్ళకు జాలి కలిగిస్తుంది.

ఊరు దాటిన కాసేపటికి పోలీసులు బస్సు ఆపారు. ముందు నెలలో ఎక్కడో పేలిన బాంబుకు ఇప్పుడు సంచులు వెతుకుతున్నారు. కానిస్టేబుల్ నా సంచి తెరిచాడు. తెల్లటి పొడి, ప్లాస్టిక్ సంచుల్లో, వరసగా, మూతి కట్టి. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన వెనక నిలబడ్డవాళ్ళు నాలుగడుగులు వేశారు.

ఉప్పండీ అన్నాను. ఆ ‘అండీ’ నా మీద అనుమానాన్ని ఇంకా పెంచింది. కోస్తా నుంచి ఈ దారిలో ఉప్పు తెచ్చేవాడు ఉంటాడా అని అడిగాడు. అయోడిన్ ఉన్న ఉప్పని చెప్పాను. అయోడిన్ అన్నది కెమికల్ పేరు. కెమికల్ అనేసరికి సబ్ ఇన్‌స్పెక్టర్ జీపు దిగి వచ్చాడు. నేను గ్రంథి గురించి, గడ్డ గురించి, గర్భిణుల గురించి, చదివిన వరసలోనే చెప్పాను. బస్సంతా దిగి విన్నది. నా జీవితంలో అంతమంది శ్రోతలు ఎప్పుడూ దొరకలేదు, దొరికిన చోట రోడ్డు పక్కన నాపరాళ్ళ కంచె, నా ముందర తుపాకీ.

చివరికి కానిస్టేబుల్ ఒక ప్యాకెట్ చింపి, వేలు ముంచి, కళ్ళు మూసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత సబ్ ఇన్‌స్పెక్టర్ రుచి చూశాడు. తర్వాత డ్రైవరు. పచ్చిమిరపకాయ ఒకటి ఉంటే బాగుండునని ఎవరో వెనకనుంచి అన్నారు. పరీక్షకు పంపాలని రెండు ప్యాకెట్లు తీసుకుని మిగతావి ఇచ్చేశారు. ఏ పరీక్షకు పంపారో ఖాదర్ బాషా నాకు చెప్పాడు: పక్కనే పోలీసుల వంటశాల ఉంది, పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కడప జిల్లాకు నేను మోసుకెళ్ళిన అయోడిన్ మొదట చేరింది ప్రభుత్వానికే.

బస్సు కదిలే ముందు ఆ కానిస్టేబుల్ కిటికీ దగ్గరకు వచ్చాడు. వాళ్ళావిడకు కూడా మెడ దగ్గర లావుగా ఉందట. ఈ ఉప్పు తింటే పోతుందా అని గొంతు తగ్గించి అడిగాడు. ఉప్పుతో పాటు డాక్టరుకు కూడా చూపించండన్నాను. యా డాక్టరుకని ఆయన అడగలేదు, తన వైపు డాక్టరు ఎవరో ఆయనకు ముందే తెలుసు. పోలీసుకు కూడా వీధి ఉంటుందని అప్పుడు అర్థమైంది.

పెద్దముడియం దాటాక: తువ్వాళ్ళ వీధి

నల్లరేగడి చేలు, మధ్యలో గొర్రెల మందలు, వాటి వెనక దుమ్ము. పల్లెలోకి అడుగు పెట్టగానే ఏ వీధిలో ఉన్నానో చెప్పకనే తెలిసింది. కిందివీధి మగవాళ్ళందరూ ఎండ మండిపోతున్నా మెడ చుట్టూ తువ్వాలు రెండు చుట్లు చుట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ పెద్దాయన అట్లా చుట్టుకుంటాడట. ఆయన్ని చూసి జీపు డ్రైవరు, డ్రైవరును చూసి వీధి. పైవీధి పెద్దాయనది మఫ్లరు. అందుకని ఆ వీధి వాళ్ళందరూ చొక్కా పైగుండీ వరకు పెట్టుకుని, దొరికిన ఉన్నిగుడ్డ చుట్టుకుంటారు. మే నెలలో ఉన్ని చుట్టుకున్న వీధిని నేను ఇంతకు ముందు ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సుబ్బరత్న నన్ను చూసి లేచింది. మొహం ఉబ్బి ఉంది, మాట నెమ్మదిగా వస్తోంది. చిన్నప్పుడు ఎర్రగుంట్ల వీధిలో దీని నోటికి జడిసి పిల్లలు ఆట మానేసేవారు. “వచ్చినావా అన్నా. నేను నిద్రపోతానే ఉండా, తెలుసునా. నిలబడుకోని గూడా” అంది.

వాళ్ళత్త నాగమ్మ రాగి సంగటి వడ్డించింది. బంతంత ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన ఊరుబిండి అనే చెనక్కాయల పచ్చడి, పప్పు. సంగటిలో వీళ్ళు ఉప్పు వేయరు, పక్కన నంజుకునేదాంట్లోనే ఉప్పు. అన్నంలోనే ఉప్పు కలుపుకుతినే నాకు మొదటి ముద్ద చప్పగా దిగింది, రెండో ముద్దకు ఇంక ఆగలేదు. తిని, చేయి కడుక్కుని, నా సంచి విప్పి ఉప్పు ప్యాకెట్లు ఆవిడ ముందు పెట్టాను.

నాగమ్మ అత్త పాము పిల్లను చూసినట్టు వెనక్కి జరిగింది.

“ఇవి బయట పెట్టప్పా. దీంట్లో పిల్లలు పుట్టకుండా మందు కలిపినారు.”

ఎవరు కలిపారని అడిగాను. ఎవరేంది, పైవీధోళ్ళు అంది. సంగతి ఇది. ప్యాకెట్ ఉప్పు ఈ ఊరికి మొదట రేషన్ అంగడికి వచ్చింది. ఆ డీలరు పైవీధి మనిషి. కిందివీధి జనాభా పెరగకుండా, ఓట్లు తగ్గిపోవాలని పైవీధి వాళ్ళు ఆ ఉప్పులో మందు కలిపారని ఎవరో అన్నారు, అందరూ నమ్మారు. సుబ్బరత్న తెలియక ఒక ప్యాకెట్ తెచ్చింది. అది సగం కాకముందే మొదటి కడుపు పోయింది. ఇంక రుజువేం కావాలి?

మరి పైవీధి వాళ్ళు కూడా అదే ఉప్పు తింటున్నారు కదండీ అన్నాను. “వాళ్ళు యాడ తింటాండారు? అమ్మతాండారు” అంది ఆవిడ. తర్వాత నేను అడిగి తెలుసుకున్నాను, నిజమే. అదే మాట పైవీధికీ చేరి, కొంపదీసి నిజమేమోనని వాళ్ళు కూడా అమ్మడం వరకే పెట్టుకున్నారు. రెండు వీధులూ ఖాదర్ బాషా బండి మీద గళ్ళుప్పే కొంటున్నాయి. దాన్ని కూడా కడిగి, ఎండబెట్టి, పొయ్యి పక్కన మూత లేని కుండలో పోస్తున్నాయి. అందులో ఏ కాస్త అయోడిన్ ఉన్నా ఆ కుండలోనే ఆవిరైపోతుంది.

పులివెందులలో డాక్టరుకు చూపించడానికి మాత్రం నాగమ్మ అత్త ఒప్పుకుంది, ఒక షరతు మీద. “సూపించుకోని రా. మాత్రలు మాత్రం నా ఇంట్లో మింగనీను. దినామూ ఒక మాత్ర మింగితే పిల్లలు పుట్టరు, అది నాకు తెల్దా? నర్సమ్మ అట్లాంటివే ఇస్తాది.” ఆవిడ చెడ్డ మనిషి కాదు. రెండుసార్లు ఆశపెట్టుకుని రెండుసార్లు ఏడ్చిన మనిషి. మూడోసారి కాపలా కాస్తోంది, తలుపు తీయాల్సిన చోట అడ్డం నిలబడి.

ఓబులేసు కూడా వస్తాడేమోనని అడిగాను. మా బావ తువ్వాలు సర్దుకుని, రేపు పెద్దాయనకు కడప కోర్టులో వాయిదా ఉందని, ఆయన వాయిదాలకు ఒంటరిగానే వెళ్తాడని, జీపు కూడా తానే నడుపుకుంటాడని, ఆయన వచ్చేదాకా ఆ ఇంటికి తనదే కాపలా అని గర్వంగా చెప్పాడు. ఒక్క మనిషి తోడు లేకుండా పోతాడంటే ఎంత గుండె ఉండాలి బావా అన్నాడు. నిజమే అనుకున్నాను.

పులివెందుల: బల్ల

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల. దారిలో సుబ్బరత్న నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. ఊరు దగ్గరపడ్డాక చీనీ తోటలు మొదలయ్యాయి, మా వైపు బత్తాయిలే ఇక్కడ చీనీలు. బస్టాండులో చీనీకాయలు డజను పన్నెండు రూపాయలన్నాడు, బేరమాడితే పదికి వచ్చాడు, మా వైపు ఆ డబ్బుకు నాలుగు కూడా రావు. లింగాల తోటల కాయలట. ఒకటి వలిచి ఇచ్చాను. సుబ్బరత్న తిని, నోటికి ఏదీ రుచి తెలియడం లేదు గానీ తియ్యగా ఉందని చెప్తాలే అంది.

డాక్టరుది పాత మిద్దె. బయట అరుగు మీద ఒక బల్ల వేసి ఉంటుంది, దాని ముందు గోనెసంచి తెర. రోగులకు ఎండ తగలకుండా అని నేననుకున్నాను. తెర తీసి లోపలికి అడుగు పెట్టేసరికి నా వెనక సుబ్బరత్న ఆగిపోయింది.

బల్ల ఒక చివర ఒక పెద్దమనిషి. పక్కన మడత పెట్టిన తువ్వాలు. గొంతు ముందు కోడిగుడ్డంత గడ్డ. బల్ల రెండో చివర ఇంకో పెద్దమనిషి. ఒళ్ళో మఫ్లరు. ఆయనకు గడ్డ కాస్త ఎడమ పక్కకు ఒరిగింది. ఇద్దరి మధ్య ఒక చీనీకాయల సంచి. దాంట్లోంచి ఒకాయన వలిచి ఇస్తున్నాడు, రెండో ఆయన తింటున్నాడు.

వాళ్ళెవరో సుబ్బరత్న నా చెవిలో చెప్పింది. ఒకాయన కిందివీధి, ఒకాయన పైవీధి. ఏళ్ళ తరబడి ఒకరి మెడ కోసం ఒకరు మనుషుల్ని పెట్టుకున్న ఇద్దరు. ఆ మెడలు రెండింటినీ ఎవరి మనుషులూ అందుకోలేదు. అయోడిన్ లేని ఉప్పు అందుకుంది. కోర్టు వాయిదా ఈ బల్ల మీద నడుస్తోంది. జబ్బు ఉందని తెలిస్తే వీధి చేజారుతుందని ఒకాయన తువ్వాలు చుట్టాడు, ఒకాయన మఫ్లరు చుట్టాడు. వీధులకు వీధులు చెమటలు కక్కుతూ అదే వేషం వేసుకు తిరుగుతున్నాయి.

ముందు కిందివీధి పెద్దాయన తేరుకున్నాడు. తువ్వాలు మీద చెయ్యి పడింది గానీ, ఇంక చుట్టుకుని లాభం లేదని తెలిసినట్టు ఆగిపోయింది. సుబ్బరత్న దండం పెట్టి, బల్ల మీద సరిగ్గా వాళ్ళిద్దరి మధ్య, చీనీకాయల సంచి పక్కకు జరిపి కూర్చుంది. అంత నిద్రమొహం మీద అంత చురుకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

“ఏం పెద్దాయనా, కడప కోర్టు పులివెందులకు మార్చినారా?”

“అమ్మా సుబ్బరత్నా,” అన్నాడాయన మెల్లగా, “నువ్వు నన్ను ఈడ చూడలే.”

“చూసినా కదా.”

పైవీధి పెద్దాయనకు నవ్వొచ్చింది. సుబ్బరత్న ఆయన వైపు తిరిగింది. “నువ్వు నవ్వద్దు మామా. నీదీ చూసినా. నీది ఇంగా పెద్దది.” ఆయన నవ్వు ఆపి గొంతు తడుముకున్నాడు.

అప్పుడు లోపలినుంచి పిలుపు వచ్చింది. ముసలి డాక్టరు ముందు కిందివీధి పెద్దాయన్ని కూర్చోబెట్టి, వెనక నిలబడి, రెండు చేతులతో మెడ పట్టుకుని, మంచినీళ్ళు గుక్కెడు మింగమన్నాడు. తలుపు తెరిచే ఉంది, మాకు కనపడుతోంది. ఆయన వెనక నిలబడి మెడ పట్టుకునే ధైర్యం జిల్లాలో ఈ ముసలాయనకు ఒక్కడికే ఉన్నట్టుంది. పెద్దాయన బడిపిల్లాడిలా గుటక వేశాడు. గడ్డ పైకి వెళ్ళి కిందికి వచ్చింది. ఆయనకు మాత్రలిచ్చి పంపాడు.

సుబ్బరత్నను చూసినప్పుడు డాక్టరు మాటలు తగ్గించాడు. నాడి చూశాడు, చేతి చర్మం చూశాడు, పోయిన కడుపుల సంగతి అడిగాడు. అవి దీనివల్లే పోయాయని ఒట్టేసి చెప్పలేననీ, పోయి ఉండొచ్చనీ అన్నాడు. రక్తం తీసి మద్రాసుకు పంపుతానన్నాడు. ఫలితం వచ్చేదాకా కాచుకుంటే బిడ్డకు ఆలస్యమవుతుందని, పెద్దాయనకిచ్చిన మాత్రలే దీనికీ ఆ రోజే పొట్లం కట్టిచ్చాడు. నేను నా ఉప్పు ప్యాకెట్ ఒకటి తీసి చూపించాను. ఆయన మెచ్చుకుంటాడనే చూపించాను, దాచడం ఎందుకు.

“ఉప్పు మంచిదే, ఇల్లంతా తినండి. మూత పెట్టిన డబ్బాలో పోసి, కూర దించేటప్పుడు ఏసుకోండి. కానీ ఈ పాప గ్రంథి శానా ఎనకబడింది. దీనికి ఉప్పొక్కటే చాలదు. దినామూ పరగడుపున మాత్ర పడల్ల, కాన్పు దాకా ఒక్క దినం గూడా మానగూడదు.” తర్వాత సుబ్బరత్నతో అన్నాడు: “కొంతమంది పిల్లోళ్ళు ఏడవరు, మెత్తగా పండుకోని ఉంటారు. ఊరంతా బంగారు బిడ్డ అని మురిసిపోతాది. అట్లాంటి బిడ్డ నాకొద్దు. ఊరు ఎగిరిపొయ్యేట్టు ఏడ్చేదాన్ని కను.”

బయటికి వచ్చి సుబ్బరత్న మళ్ళీ ఆ బల్ల మీదే కూర్చుంది. మాత్రల పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికి పోతే ఆ పొట్లం ఏమవుతుందో నాకు తెలుసు, దానికి అంతకంటే బాగా తెలుసు. పెద్దమనుషులిద్దరూ మెడలు చుట్టుకుని లేవబోతుంటే, దాని గొంతు లేచింది.

“కూచోండి ఇద్దరూ. నాకు దుడ్లు వద్దు, పదవి వద్దు. పెద్దాయనా, నువ్వు రేప్పొద్దన మా ఇంటికి వచ్చి, మా అత్త ముందర ఈ ప్యాకెట్ ఉప్పు ఏసుకోని సంగటి తినల్ల. నీ మాత్ర గూడా మా అత్త సూస్తాండంగా మింగల్ల. మామా, నువ్వు మీ వీధిలో నీ ఇంట్లో తిను, అందరూ సూసేట్టు తిను. తినరనుకో, యా బల్ల మీద ఎవురు ఎవురికి చీనీకాయలు వలిచిపెట్టినారో నేను రెండు వీధుల్లోనూ చెప్తా.”

కిందివీధి పెద్దాయన ఆమెను ఉరిమి చూశాడు. తర్వాత పైవీధి ఆయన్ని చూశాడు. పైవీధి ఆయన చీనీకాయల సంచిని చూశాడు.

“ఒప్పుకో బామ్మర్దీ,” అన్నాడు పైవీధి ఆయన చివరికి. “ఆ పాప చెప్తాది. నాకు తెలుసు, ఆ మనిసి చెప్తాది.”

బామ్మర్ది! నిజమే. కిందివీధి ఆయన చెల్లెల్నే పైవీధి ఆయనకిచ్చారట. పగ మొదలైంది ఆ పెళ్ళిలో వడ్డన దగ్గర, కూరలో ఉప్పు తక్కువైందన్న మాట మీదేనట. తిరుగు బస్సులో సుబ్బరత్న చెప్పింది. నేను నమ్మలేదు, ఖాదర్ బాషాను అడిగి రూఢి చేసుకున్నాను.

మళ్ళీ ఆ పల్లె: పెద్దాయన సంగటి

మర్నాడు పొద్దున ఆయన వచ్చాడు. కబురు ముందే పాకింది. కిందివీధి అంతా గోడల మీద, గుమ్మాల్లో చేరింది. నాగమ్మ అత్త సంగటి పెట్టింది, పప్పు పోసింది. సుబ్బరత్న ప్యాకెట్ చింపి పళ్ళెం పక్కన కుప్పగా ఉప్పు పెట్టింది, అవసరానికి మించే పెట్టింది. ఆయన దాన్ని చూసి ఒకసారి సుబ్బరత్నను చూశాడు. వేసుకున్నాడు, కలుపుకున్నాడు, తిన్నాడు. నీళ్ళతో మాత్ర మింగాడు. రక్తం పలచబడకుండా డాక్టరిచ్చాడని జనానికి చెప్పాడు. తువ్వాలు మాత్రం విప్పలేదు.

తర్వాత గొంతు సవరించుకుని ఉపన్యాసం చెప్పాడు. ఈ ఉప్పులో అయోడిన్ ఉందనీ, అది తమ పార్టీ తెచ్చిందనీ, పైవీధి వాళ్ళు దాన్ని జనానికి అందకుండా అంగట్లో దాచారనీ అన్నాడు. నేను సంచి మోసుకొచ్చిన సంగతి ఎక్కడా రాలేదు. రేషన్ అంగడి డీలరుకు ఆ సాయంత్రానికల్లా కబురందింది. తమ వీధి సరుకు మీద ఎదుటి వీధి పేరు పెడితే ఊరుకుంటారా? పైవీధి పెద్దాయన తన ఇంటి ముందు మంచం వేసుకుని, వచ్చేపోయేవాళ్ళు చూసేట్టు, మజ్జిగలో కూడా ప్యాకెట్ ఉప్పే వేసుకు తాగాడట. అయోడిన్ తన తాత కాలం నుంచీ తమ వీధిలోనే ఉందన్నాడట.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. ఒకే ప్యాకెట్ రెండు వీధులూ ఎట్లా తింటాయి? ఖాదర్ బాషా పరిష్కారం కనిపెట్టాడు. జమ్మలమడుగులో రెండు కంపెనీల ఉప్పు దొరుకుతుంది, ఒకటి నీలం అచ్చు, ఒకటి ఎరుపు అచ్చు. కిందివీధికి నీలం, పైవీధికి ఎరుపు. రెండింటిలోనూ అదే ఉప్పు, అదే అయోడిన్. అటుదాన్ని ఇటు పెడితే తలలు లేచిపోతాయని ఖాదర్ బాషా నాతో అన్నాడు. గళ్ళుప్పు కంటే దీంట్లో లాభం ఎక్కువని కూడా అన్నాడు.

నాగమ్మ అత్త ఆ రాత్రి కూర దించాకే ఉప్పు వేసింది. పొయ్యి పక్కన కుండను తీసి పెరట్లో బోర్లించింది. సుబ్బరత్న మాత్రల పొట్లం దేవుడి గూట్లో పెట్టింది ఆవిడే. పెద్దాయన మింగినదానికి ఇక అనుమానం లేదు. నా అలమారాల చదువంతా కలిపినా ఆ ఒక్క గుటకతో సమానం కాలేదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ కాస్త ఉంది.

చినగంజాం: ఫోను

తిరిగొచ్చి ఉప్పు కాటా దగ్గర కూర్చున్నాను. మద్రాసు నుంచి వచ్చిన ఫలితం డాక్టరు అనుకున్నట్టే ఉందనీ, మాత్ర మోతాదు పెంచాడనీ, చలి తగ్గిందనీ, నాలుక మీద రుచి తిరిగొచ్చిందనీ పిన్ని ద్వారా కబుర్లు వచ్చేవి. కాన్పు నెల వచ్చాక మాత్రం కబుర్లు ఆగిపోయాయి. అలమారా దగ్గర ఆ పుస్తకం మళ్ళీ తీసి, ఏడవని బిడ్డల గురించి రాసిన పేజీ దాకా వెళ్ళి, మూసేసి వచ్చేవాణ్ణి.

ఒక సాయంత్రం మా బజారు ఫోను బూతు నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. రిసీవర్ చెవిన పెట్టగానే ఒక అరుపు. లైను చెడిపోయిందేమోనని చేతికి దూరంగా పట్టుకున్నాను. బూతులో కూర్చున్నవాళ్ళందరికీ వినిపించింది. ఆడపిల్ల. జమ్మలమడుగు ఆస్పత్రిలో పుట్టి, ఇంటికొచ్చి వారమైందట. ఫోను చేసింది నాగమ్మ అత్త. సుబ్బరత్న పక్కనే ఉందట, కానీ ఎవరి మాటా ఎవరికీ వినపడే పరిస్థితి లేదు.

“రాత్రి పగలు ఇదే అప్పా,” అరిచింది ఆవిడ, ఆ ఏడుపు మీద గెలవడానికి. “పైవీధోళ్ళకు గూడా నిద్ర ల్యాదంట. వాళ్ళ పెద్దాయన మనిసిని పంపినాడు, ఆ బిడ్డను ఊరుకోబెట్టమని.”

మీరేం చెప్పారండీ అని అరిచాను.

“ఏడవనీ, అని చెప్పినా.”